నలభై రెండో రోజు

తాగుడు మానడమంటే మనసు గట్టి చేసుకోవడమేనని మన పల్లెల్లో తిరుగులేని నమ్మకం. మానినవాణ్ణి మొండివాడని మెచ్చుకుంటారు, మానలేనివాణ్ణి మాట మీద నిలబడనివాడని తీసిపారేస్తారు. అందుకే మానే పద్ధతులన్నీ మాటతోనే ముడిపడి ఉంటాయి. బిడ్డ తలమీద చెయ్యిపెట్టి ఒట్టు వేయడం, గుళ్ళో కర్పూరం ఆర్పి ప్రమాణం చేయడం, పెద్దల ముందు చెంపలేసుకోవడం అలాంటివే. ఆ ఒట్టులో అబద్ధమేమీ ఉండదు. వేసే క్షణాన ఆ మనిషి నిజంగానే మానాలనుకుంటాడు. చిక్కంతా సాయంత్రం ఆరు దాటాక మొదలవుతుంది. పొద్దున ఒట్టు వేసిన మనిషికీ, పొద్దుగూకాక చేతులు వణుకుతూ వీధిలోకి చూసే మనిషికీ చాలా తేడా ఉంటుంది. ఆ రెండో మనిషిని పట్టి నిలిపేది ఒట్టు కాదనీ, పక్కన మరో మనిషి ఉండటమేననీ నా వాదన. వినడానికి ఇది గోడమీద రాసే సుభాషితంలా మెత్తగా ఉంటుంది గానీ, దీని వెనకున్న రుజువులు మాత్రం కటువైనవి.

మొదటి రుజువు మన కళ్ళముందే ఉంది. కార్తీకం వచ్చిందంటే అగళి, రొళ్ళ, అమరాపురం, మడకశిర వైపు ఏ ఊళ్ళో చూసినా నల్లబట్టల స్వాములు కనిపిస్తారు. భక్తితో ఏటా మాల వేసేవాళ్ళు కొందరైతే, ఇంట్లో పోరు పడలేక వేసేవాళ్ళు కొందరు. రోజూ క్వార్టరు పడందే ముద్ద దిగనివాడు కూడా వాళ్ళలో ఉంటాడు, నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. ఊరంతా దాన్ని అయ్యప్ప మహిమ అంటుంది. మహిమ సంగతి అలా ఉంచి, ఆ రోజుల్లో ఏమేం జరుగుతుందో చూడండి. మెడలో మాల పడగానే పిలుపు మారిపోతుంది, నిన్నటిదాకా ఒరేయ్ అన్నవాళ్ళు స్వామీ అంటారు. బట్ట రంగు మారుతుంది కాబట్టి గ్లాసు చేతికిచ్చే నేస్తం దూరం నుంచే గుర్తుపట్టి తప్పుకుంటాడు, వద్దని చెప్పే అవసరమే రాదు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, మధ్యాహ్నం భిక్ష, పొద్దుగూకగానే భజన. ఈ భజన వేళను కాస్త గమనించాలి. సరిగ్గా బ్రాందీ షాపు ముందు గుంపు చేరే వేళ అది. రానివాడి ఇంటికి ఎవరో ఒక స్వామి వెళ్ళి ఏమైందని అడుగుతాడు. ఏ సందేహం వచ్చినా చెప్పడానికి గురుస్వామి ఉన్నాడు, అంతకుముందు పద్దెనిమిదిసార్లు అయ్యప్ప కొండ ఎక్కినవాడు. మొత్తం మీద ఒంటరిగా కూర్చునే గంట అంటూ ఆ దినచర్యలో మిగలదు.

ఇక నలభై రెండో రోజు వస్తుంది. కొండ నుంచి తిరిగొచ్చి మాల తీస్తారు. కొందరు ఊరు చేరకముందే, వ్యానులోనే మొదలుపెట్టేస్తారన్నది అందరూ నవ్వుతూ చెప్పుకునే మాట. ఆ నవ్వులో ఒక తీర్పు ఉంది, వాడి భక్తి దొంగభక్తి అని. నాకు అలా అనిపించదు. నలభై ఒక్క రోజులు మానగలిగిన మనిషిలో మానే శక్తి లేదనడం కుదరదు. ఆ రాత్రి వాడినుంచి ఊడిపోయినవి భజన, పిలుపు, బట్ట, అడిగేవాడు. అన్నీ ఒక్కసారిగా ఒకే రాత్రి ఊడిపోయాయి.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, వాళ్ళని నిలిపింది దేవుడి భయమేనని. మాలలో ఉండి తప్పు చేస్తే కన్నుపోతుందన్న జంకు మాల తీశాక ఉండదు కాబట్టి తాగుతారట. ఇందులో కొంత నిజముంది, కాదనను. కానీ భయం ఒక్కటే సరిపోయేదైతే ఉంతకల్లులో మరో ఏర్పాటు అవసరమయ్యేది కాదు. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలోని ఉంతకల్లు పాండురంగస్వామి గుడికి తాగుడు మాన్పించే దేవుడని పేరు. ఏకాదశి నాడు అక్కడ మాల వేసుకోవడానికి మన జిల్లాలవాళ్ళే కాక కర్ణాటకవాళ్ళూ వస్తారు. మాల వేసుకుని పోయినవాడు ఆ తర్వాతి ఏకాదశులకు మళ్ళీ గుడికి రావాలన్నది అక్కడి నియమం. నాకు ఆ నియమం మీదే గౌరవం. పక్షానికొకసారి వచ్చి మొహం చూపించాలి, తనలాంటి మరో వందమంది మధ్య కూర్చోవాలి, కొత్తగా మాల వేసుకునేవాడి వణుకుతున్న చేతుల్ని చూడాలి. పెద్దాసుపత్రి డాక్టరు రెండు వారాల తర్వాత మళ్ళీ రా అని చీటీ రాస్తే పోనివాడు, పాండురంగడి పిలుపుకు పోతాడు. పని చేస్తున్నది దేవుడా, తిరిగి రావడమా అని విడదీసి తేల్చడం నావల్ల కాదు. భయాన్ని మాత్రమే నమ్ముకున్న ఒట్టుకంటే, తిరిగి రావడాన్ని కలుపుకున్న ఒట్టు ఎక్కువ తెలివైనదని మాత్రం అనగలను.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోవడం తప్పు. రోజూ బాగా తాగే మనిషి, ముఖ్యంగా పొద్దున లేవగానే ఒక నైంటీ పడితేగానీ చెయ్యి నిలవని మనిషి, మాల వేసుకునో ఒట్టు వేసుకునో ఉన్నపళంగా ఆపితే ప్రాణానికే ముప్పు రావచ్చు. ఏళ్ళ తరబడి మద్యం నరాలను అణిచి ఉంచితే, మెదడు దానికి ఎదురుగా తన వేగాన్ని పెంచుకుని నిలదొక్కుకుంటుంది. అణిచేది ఒక్కసారిగా పోయేసరికి ఆ వేగమే మిగులుతుంది. ఆఖరిసారి తాగిన ఆరేడు గంటల్లో వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, గోడమీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో పిలుస్తున్నట్టు ఉంటుంది, జ్వరం వస్తుంది. ఊళ్ళో దాన్ని గాలి సోకిందనుకుని యంత్రం కట్టించడానికి తీసుకుపోయే సమయంలోనే ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ. ఆసుపత్రిలో డయజెపాం లాంటి మందును మోతాదు తగ్గించుకుంటూ ఇచ్చి, బి-1 విటమిను సూదితో ఎక్కిస్తే ఇది చాలావరకు తేలిగ్గా దాటిపోయే గండం. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాడు ఇంట్లో మానే ప్రయత్నమే చేయకూడదు. కనక ఆ తొలి రోజుల తోడంటే ముందుగా నర్సు, డాక్టరు. గురుస్వామి పని ఆ తర్వాతే.

2020 మార్చిలో ఈ పాఠం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకేసారి చదవాల్సి వచ్చింది. లాక్‌డౌనుతో దుకాణాలు మూతపడిన వారం రోజుల్లోనే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వణుకుతో, మతి చలించి వచ్చేవాళ్ళు ఒక్కసారిగా పెరిగిపోయారు. ఆ జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళని మూర్ఖులనడం సులువు. అంగడి మూయడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. మూసిన మర్నాడు తాగేవాడి ఒంట్లో ఏమవుతుందో చూడాల్సిన బాధ్యత ఆ ఉత్తర్వు ఎవరికీ అప్పగించలేదు.

ఇక్కడే రెండో అభ్యంతరం ఎదురవుతుంది. తోడూ గీడూ అని తిరగడమెందుకు, అమ్మకం ఆపేస్తే పోదా అని. ఈ ప్రశ్న అడిగే హక్కు తెలుగు ఆడవాళ్ళకు ఉంది, వాళ్ళు అడిగి గెలిచారు కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. వాళ్ళ ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో అది పోయింది. ఆ ఉద్యమాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు, పొదుపు సంఘాలకు పునాది పడింది ఆ కదలిక నుంచే. కానీ అగళిలో కూర్చుని ఆలోచిస్తే నిషేధం పరిమితి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. కర్ణాటకలోని శిర, మధుగిరి తాలూకాల పొలిమేర ఆనుకుని ఉన్న మండలం ఇది. ఇంట్లో కన్నడం, కచేరీలో తెలుగు మాట్లాడే జనం, సంతకు అటు పోయేవాళ్ళు ఇటు పోయేవాళ్ళు. మన వైపు ధర పెరిగితే అటునుంచి టెట్రా ప్యాకెట్లు సంచుల్లో వస్తాయి. ఇటు ధర తగ్గితే ఆ రాకపోకలు నెమ్మదిస్తాయి. 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడిపి ధరలు పెంచిన కాలాన్నీ, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు వచ్చి 99 రూపాయల క్వార్టరు దొరికిన కాలాన్నీ ఈ ఊళ్ళు చూశాయి. అమ్మకం తగ్గడం మంచిదే, కొత్తగా తాగుడు నేర్చుకునే కుర్రాళ్ళ సంఖ్య దాంతో తగ్గుతుంది. ఇప్పటికే ఒంటికి పట్టినవాడికి మాత్రం అది సరిపోదు. వాడికి దుకాణం పది కిలోమీటర్లు దూరమైతే పది కిలోమీటర్లు పోతాడు.

సరుకు పొలిమేర దాటి వస్తున్నప్పుడు సాయం కూడా అటునుంచే ఎందుకు రాకూడదు? ధర్మస్థల క్షేత్రం గ్రామాభివృద్ధి పథకం కింద కర్ణాటక ఊళ్ళలో ఏళ్ళుగా మద్యవర్జన శిబిరాలు జరుగుతున్నాయి. ఊరి కల్యాణ మంటపంలోనో సముదాయ భవనంలోనో వారం ఎనిమిది రోజులు తాగుబోతుల్ని ఒకచోట ఉంచి, వైద్యం, వ్యాయామం, భజన, మాటలతో గడిపిస్తారు. నేను మెచ్చుకునేది శిబిరం తర్వాత వచ్చే భాగాన్ని. మానినవాళ్ళంతా కలిసి ఊళ్ళో నవజీవన సమితిగా ఏర్పడి కలుసుకుంటూ ఉంటారు. అయ్యప్ప దీక్షలో నలభై రెండో రోజున ఖాళీ అయిపోయే చోటును వాళ్ళు ఆ సమితితో నింపారు. తమిళనాడులో ఇలాంటి ఆలోచనే మరో దారిన వచ్చింది. మద్రాసులో తాగుడు చికిత్సకు ఆసుపత్రి పెట్టిన శాంతి రంగనాథన్ బృందం, ఊరివాళ్ళు పట్నం ఆసుపత్రికి రాలేరని గ్రహించి, 1989 నుంచి తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడి గ్రామంలోనే శిబిరాలు పెట్టింది. రోగిని ఊరినుంచి దూరంగా తీసుకుపోయి నయం చేసి మళ్ళీ అదే అరుగు మీద వదిలేయడంకంటే, ఆ అరుగు దగ్గరే నయం చేయడం మేలని వాళ్ళు కనిపెట్టారు. అగళివాడు నిమ్హాన్స్‌కు పోయి రావాలంటే బెంగళూరు మరీ దూరమేమీ కాదు. పోయొచ్చాక తొలి శనివారం సాయంత్రం ఎవరితో కూర్చుంటాడన్నది బెంగళూరు చేతిలో లేదు.

ఇదంతా పల్లెటూరి భక్తి వ్యవహారమనుకునే చదువుకున్నవాళ్ళకు అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. 1935 మేలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్నంలో, తలపెట్టిన వ్యాపారం చెడి, బిల్ విల్సన్ అనే మనిషి హోటలు లాబీలో నిలబడి ఉన్నాడు. తాగుడు మాని ఐదు నెలలైంది. పక్కనే బారు, లోపలినుంచి నవ్వులు. అతను ఫోను తీసుకుని చర్చీలకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. తనకు సాయం చేసేవాళ్ళ కోసం కాదు, తను సాయం చేయగల మరో తాగుబోతు దొరుకుతాడా అని. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జను. వాళ్ళిద్దరి మాటల్లోంచి పుట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్, మన దేశానికి 1957లో వచ్చింది. ఇది ఉత్త నమ్మకమేనని చాలాకాలం కొందరు వైద్యులు కొట్టిపారేశారు. 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలనూ పదివేలకు పైగా మనుషులనూ కలిపి చూసింది. ఆ బృందాల బాట పట్టించిన చికిత్సలో ఏడాది తర్వాత పూర్తిగా మాని ఉన్నవాళ్ళు వందకు 42 మంది, ఇతర చికిత్సల్లో 35 మంది. తేడా ఆకాశమంత కాదు. కానీ డబ్బు ఖర్చు లేని ఒక కూటమి, చదువుకున్న నిపుణుల వైద్యానికి తీసిపోకుండా, కాస్త మిన్నగానే నిలబడింది.

బృందం అనగానే పరువు సంగతి వస్తుంది. పట్నంలో అయితే పేరు చెప్పకుండా కూర్చోవచ్చు, వెయ్యి గడపల ఊళ్ళో ఎవరు ఏ గదిలోకి పోయారో గంటలో తెలిసిపోతుంది, అందరి ముందు తాగుబోతునని ఒప్పుకోవాలా అంటారు. ఇది బలమైన అభ్యంతరమే. అయితే వాడు తాగుతాడని తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో ఎవరున్నారు? కాలవ గట్టున పడి ఉంటే మోసుకొచ్చింది ఊరే కదా. నిజానికి మన పల్లెల్లో తాగడం బహిరంగం, మానడమే రహస్యం. మళ్ళీ జారిపోతే నవ్వుతారేమోనని వాడు మానుతున్న సంగతి ఎవరికీ చెప్పడు. చెప్పడు కనక నేస్తాలు ఎప్పటిలాగే గ్లాసు చాపుతారు, కూలిడబ్బులు ఇచ్చే వక్కతోట యజమాని ఎప్పటిలాగే శనివారం సాయంత్రం నోట్లు వాడి చేతిలోనే పెడతాడు. మాల వేసుకున్నవాడికి ఉన్న సౌకర్యం ఇదే. మానుతున్నానని వాడు నోటితో చెప్పక్కర్లేదు, మెడలో వేలాడుతుంది.

ఇంట్లో ఆడమనిషి ఉందిగా, అంతకంటే తోడేముంటుంది అనే మాట కూడా వినిపిస్తుంది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఆమె అప్పటికే కూలికి పోతోంది, అప్పులు కడుతోంది, దెబ్బలు తింటోంది. ఇప్పుడు కాపలా కూడా కాయాలా? కాపలా కాసే భార్యకీ తప్పించుకునే మొగుడికీ మధ్య మాటలన్నీ నోరు వాసన చూడటం దగ్గర ఆగిపోతాయి. కొందరు పాపం ఆశ చావక డైసల్ఫిరామ్ మాత్రల్ని తెలియకుండా కూరలో కలుపుతారు. ఆ మాత్ర పడ్డ ఒంట్లో మద్యం పడితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వేసుకోవాల్సిన మాత్ర అది. భార్యకు కావాల్సింది వేరే తోడు. పొదుపు సంఘంలో తనలాంటి బాధే పడి గట్టెక్కిన మరో ఆడమనిషి, వాడు మళ్ళీ తాగినా అది నీ తప్పు కాదు అని చెప్పేది.

వాడు మళ్ళీ తాగుతాడు, చాలామంది తాగుతారు. ఇంతా చేసి ఏం లాభమని ఊరు చేతులు దులుపుకునేది ఆ రోజునే. ఇందాకటి డాక్టర్ బాబ్ సంగతే చూడండి. విల్సన్‌ను కలిసిన కొద్ది వారాలకే వైద్యుల మహాసభకని అట్లాంటిక్ సిటీకి పోయి, రైలెక్కింది మొదలు తాగి, ఒళ్ళు తెలియని స్థితిలో తిరిగొచ్చాడు. మూడు రోజులు పక్కన కూర్చుని అతణ్ణి నిలబెట్టింది విల్సనే. ఆ ఏడు జూన్ 10న తాగిందే అతని ఆఖరి చుక్క. ఆ రోజునే ఆ సంస్థ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. జారిన మనిషిని ఆ వారం వదిలేసి ఉంటే జరుపుకోవడానికి పుట్టినరోజే ఉండేది కాదు. బీపీ మళ్ళీ పెరిగినవాడికి మాత్ర ఆపేయరు, మోతాదు మారుస్తారు. తాగుడు విషయంలో మాత్రం జారినవాడికే సాయం ఆపేస్తాం.

చివరగా, ఇదంతా చేసేవాళ్ళెవరు అన్న ప్రశ్న. 2019లో కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించిన సర్వేలో, మద్యానికి బానిసలైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక రకం సాయం అందుతున్నట్టు తేలింది. మానసిక వైద్యుల కోసం ఎదురుచూస్తే మిగిలిన 37 మంది సంగతి ఈ జన్మలో తేలదు. గోవాలో వైద్యులు కాని మామూలు మనుషులకు తర్ఫీదిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. ఆ ప్రయోగ ఫలితం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అతిగా తాగే మగవాళ్ళలో మూడు నెలలకు తాగుడు అదుపులోకి వచ్చినవాళ్ళు నూటికి 36 మంది, ఆ తర్ఫీదు పొందినవాళ్ళతో కూర్చోనివాళ్ళలో 26 మంది. బాగా ముదిరినవాళ్ళ మీద చేసిన ప్రయోగం కాదది, కనక దాన్ని సర్వరోగనివారిణి అనను. అయినా ఊళ్ళోని మనిషే ఈ పనికి పనికొస్తాడని చూపించడానికి అది చాలు. అగళిలో అలాంటి మనిషిని వెతకాల్సి వస్తే ఏళ్ళ కిందట మాని నిలబడినవాళ్ళలో వెతకాలి, ప్రతి ఊళ్ళో ఒకరిద్దరుంటారు, వాళ్ళని ఇంతవరకు ఎవరూ పిలిచి అడగలేదు. తొలి రోజుల వైద్యం ఆరోగ్య కేంద్రం చూసుకుంటే, ఆ తర్వాతి మూడు నెలల సాయంత్రాలు వాళ్ళవి. రాత్రి ఎవరూ అందకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనో కన్నడంలోనో మాట్లాడొచ్చు, అది ఏ వేళనైనా పలికే నంబరు. ఏర్పాటు చేసేవాళ్ళు వేళ సంగతి మాత్రం మరవకూడదు. ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీ పొద్దున దొరుకుతుంది, బ్రాందీ షాపు రాత్రి పది దాకా తెరిచి ఉంటుంది. కూటమి పెట్టాల్సింది బడి వరండాలో, సాయంత్రం ఆరుకు. కూలిడబ్బులు చేతికొచ్చే శనివారం నాడు తప్పనిసరిగా.